రోత కూడా నీదే

రొయ్యల కంపంటే ఎలిశబెతుకు లెక్కలేదు. బోగోలు దగ్గర రొయ్యల షెడ్డులో పొద్దుటినుంచీ తలలు గిల్లి, మధ్యాహ్నం ఆ చేతులే కడుక్కుని హాయిగా అన్నం తినేది. అలాంటి మనిషికి అత్త వెంకటశేషమ్మ మంచం దగ్గరికి పోతే కడుపులో దేవేది.

ఆ రోత ఈనాటిది కాదు. పెళ్లయిన కొన్నేళ్లకు ఆమె బాప్తిస్మం తీసుకుని, చెంచమ్మ అన్న పేరు వదిలేసి ఎలిశబెతు అయింది. మరుసటి పొద్దున కోడలు మోసుకొచ్చిన బిందెడు నీళ్లను అత్త వీధిలో పారబోసి, ఆ తడిలో ఉమ్మేసింది. "బొట్టు తీసేసిన దాని చేతి నీళ్లు నా గొంతు దిగవు" అని కూతురింటికి వెళ్లిపోయింది. ఆ ఉమ్మిని ఎలిశబెతు మర్చిపోలేదు.

ఇప్పుడు పక్షవాతం వచ్చి ముసలామెకు ఒక పక్క పడిపోయింది. కూతురు ఆటోలో తెచ్చి దింపి, మళ్లీ ఇటు తొంగి చూడలేదు. ఎలిశబెతు మొగుడు ముత్యాలయ్య సముద్రం మీదికి వేటకు పోతే తిరిగొచ్చేదాకా చాకిరీ అంతా కోడలిదే. వంకర పోయిన నోట్లోంచి చొంగ కారి మెడ ముడతల్లో ఎండిపోయేది. ఒంటికీ రెంటికీ గుడ్డల్లోనే. నడుము కింద పుండు పడి చీము వాసన ఇల్లంతా పట్టింది. ఎలిశబెతు ముక్కుకు కొంగు బిగించి, మొహం పక్కకు తిప్పుకుని తుడిచేది. నాలుగు ముద్దలు నోట్లో కుక్కి లేచిపోయేది.

ఆదివారం మందిరంలో మాత్రం కళ్లు మూసుకుని, "నా నోరు, నా చేతులు, నా ఇల్లు, నా బతుకంతా నీదే ప్రభువా" అనేది. మనసారానే అనేది. తిట్టే అలవాటు మానుకుంది, పక్కింటామెతో ఏళ్లనాటి పోట్లాట వదిలేసింది. అత్త మంచం సంగతి ఒక్కటే దేవుడి దగ్గర ఎత్తేది కాదు.

ఒకరోజు ముసలామె పళ్లు బిగించి ముద్ద తీసుకోలేదు. మర్నాడూ అంతే. వేట నుంచి వచ్చిన ముత్యాలయ్య, "నీ చేతి కూడు అమ్మకి ఇంకా సయించడంలా మే" అన్నాడు. ఎలిశబెతుకు ఒళ్లు మండింది. చావనీ అనబోయి ఆపుకుంది.

అతను బయటికి పోయాక ముసలామె పెదవులు కదిపింది.

"కూడు కాదే. నీ మొగం. నువ్వు రోతపడతా పెడితే ముద్ద ఎట్టా దిగద్ది?"

మాట నత్తినత్తిగా వచ్చినా అర్థమైంది. ఆ రోజు ఉమ్మినప్పుడు నా మొగం చూసినావా అని అడగాలనిపించింది ఎలిశబెతుకు. మంచంలో ఆ మొహం చూస్తే తన మీద తనకే వెగటు పుట్టింది. పెరట్లో నీళ్ల డ్రమ్ము పక్కన చతికిలబడింది.

"అంతా ఇచ్చినానని నీతో అబద్ధం చెప్పినా ప్రభువా. ఈ రోతని మాత్రం దాచిపెట్టుకున్నా. ఆమెను చూసి అసహ్యించుకోవడం నాకు బాగుండాది. ఇదీ నీదే, తీసుకో."

దేవుడు తీసుకున్నట్టు ఏమీ తెలియలేదు. లోపలికి రాగానే అదే కంపు గుప్పుమంది. కొంగు తీసి నడుముకు దోపుకుంది. వేణ్నీళ్లతో పుండు కడిగి, గుడ్డలు మార్చి, మెడ తుడిచింది. తర్వాత పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది. నోరు పుక్కిలించి, అన్నం కలుపుకుని మళ్లీ వచ్చింది. ముసలామె కళ్లప్పగించి చూస్తూ ఉంది.

"రోతే అత్తా. లేదని చెప్పినా నువ్వు నమ్మవు. అయినా నిన్ను వదిలిపెట్టి పోను. తిను."

ముసలామె కాసేపు ఆమె మొహంలోకే చూసి, నోరు తెరిచింది. సగం మెతుకులు పెదవి చివర నుంచి జారితే ఎలిశబెతు అరచేత్తో పట్టుకుంది.

ఈ సంగతి పక్కింటామె ద్వారా పాస్టర్ సుకుమార్ గారికి తెలిసింది. ఆదివారం అందరిముందూ, "మన చెల్లెమ్మ అత్తగారికి ఎంత ప్రేమతో సేవ చేస్తా ఉందో" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఎలిశబెతుకు పుండు కడిగినప్పటికన్నా ఎక్కువ వికారం పుట్టింది. లేచి నిలబడింది.

"ప్రేమ కాదు పాస్టర్ గారూ. నాకు ఇప్పటికీ కడుపులో తిప్పతానే ఉండాది. పొద్దున్నే ఆ రోతని ప్రభువుకు ఇచ్చేస్తా, మధ్యాహ్నానికి మళ్లీ నా దగ్గరికే వచ్చేస్తా ఉండాది."

ఆయన నెమ్మదిగా, "అయితే మళ్లీ ఇవ్వమ్మా" అన్నాడు.

ఎలిశబెతు తలాడించి, ముగింపు ప్రార్థనకు ఆగకుండా చెప్పులేసుకుంది. ముసలామెను పక్కకు ఒత్తిగిల్లించే వేళయింది.