రెండు మీటర్లూ సున్నా అన్నాయి

ఆ ఎనిమిది రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. ఆ తర్వాత నా మీద నాకే మండుతుంది.

నెల్లూరు జిల్లా కోట దగ్గర మాకు రెండెకరాల రొయ్యల గుంట ఉంది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు పగలూ రాత్రీ తిరగాలి, ఆగితే రొయ్య బతకదు. అందుకని కరెంటు సంగతి నేనే చూసుకుందామని నెల్లూరు వెళ్ళి ఒక డిజిటల్ మల్టీమీటరు కొనుక్కొచ్చాను. మా ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర అప్పటికే అలాంటిదే ఉంది. రెండూ పసుపు రంగువే, సైజూ ఒకటే, మోడల్ నంబరులో చివరి అంకె మాత్రం వేరు. ఆ ఒక్క అంకె కోసం మేమిద్దరం పోట్లాడుకున్నంతగా అన్నదమ్ములు గట్టు కోసం కూడా పోట్లాడుకోరు. జనరేటరు కరెంటు నికరంగా ఉండదు, దాన్ని సరిగ్గా కొలిచేది నాదేనని నేను. రైతుకు అంత మీటరు దేనికని అతను. ఒకసారి జనరేటరు మీద పెడితే అతనిది రెండువందల పంతొమ్మిది చూపించింది, నాది రెండువందల ఇరవై ఎనిమిది. ఆ తొమ్మిది వోల్టుల గురించి టీ కొట్టు దగ్గర ఎంతమందిని విసిగించానో లెక్కలేదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేను లాగడానికి మా ఆవిడ గట్టు మీద నుంచి నీళ్ళలో కాలు పెట్టింది. కాలు జివ్వున లాగుతోందని వచ్చి చెప్పింది. నిజం చెప్పాలంటే నాకు భయం కంటే హుషారు ఎక్కువైంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. మీటరు వైర్లలో ఒకదాన్ని నీళ్ళలో ముంచి, రెండోదాన్ని ఏరేటరుకు కట్టిన ఎర్తు వైరుకు ఆనించాం. నాది సున్నా చూపించింది. అతనిదీ సున్నానే. మొదటిసారి రెండూ ఒకే మాట మీద ఉన్నాయని ఇద్దరం తెగ నవ్వుకున్నాం. నీరసానికి తిమ్మిరి పట్టి ఉంటుంది, బలానికి ఏదైనా తినమని ఆమెకు చెప్పాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను ఎప్పుడూ రబ్బరు గమ్‌బూట్లతోనే గుంటలోకి దిగేవాణ్ణి. తొమ్మిదో రోజు ఒక బూటు చిరిగింది. ఉత్త కాళ్ళతో వెళ్ళి నీళ్ళలో పాదం పెట్టానో లేదో, ఎవరో తన్నినట్టు గట్టు మీద వెల్లకిలా పడ్డాను. మా ఆవిడ పరుగున వెళ్ళి మెయిన్ స్విచ్చి ఆపింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఈసారి ఎర్తు వైరు జోలికి పోకుండా, దూరంగా తడి మట్టిలో ఒక మేకు గుచ్చి, మెయిన్ వేయించి నీళ్ళకూ ఆ మేకుకూ మధ్య కొలిచాడు. రెండు మీటర్లూ డెబ్బై వోల్టులు దాటాయి. ఒక మోటారులోంచి కరెంటు, రోజురోజుకూ ఎక్కువవుతూ, దాని ఇనుప చట్రంలోకి దిగుతోంది. చట్రం నుంచి నీళ్ళలోకీ, ఎర్తు వైరులోకీ అదే కరెంటు. ఆ వైరు చివర పాతిన ఎర్తు రాడ్డు ఎండిపోయిన ఇసుకలో ఉంది కాబట్టి అది భూమిలోకి పోయే దారి లేదు. రెండు వైపులా ఒకే కరెంటు ఉంటే వాటి మధ్య మీటరు సున్నా కాక ఇంకేం చూపిస్తుంది?

"మీటర్లది తప్పు కాదన్నా, మనదే," అన్నాడతను, తల ఎత్తకుండా.

ఆ కాళ్ళు లాగడం మధ్యలో ఎప్పుడైనా ఆగిందా అని మా ఆవిడను అడిగాను.

"ఏడ ఆగింది? దినామూ ఉండాది."

"మరి ఎందుకు దిగినావు? నాకు చెప్పొచ్చు గదా."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉన్నా బాగుండేది.

"చెప్పినాను గదా. ఇద్దరూ రెండు మీటర్లు పెట్టి చూసి ఏమీ లేదంటిరి. నా కాళ్ళే చచ్చుబడిపోతా ఉండాయేమోనని, దినామూ ఒక్కదాన్నే ఏడ్చుకుంటి."

ఆమె పాదాల వైపు చూడటానికి కూడా నాకు మొహం చెల్లలేదు.