మేస్త్రి కాక కట్టిన దిమ్మెలు

మొన్న పొద్దున అమ్మ బోధన్ నుంచి ఫోన్ చేసి, "మేస్త్రి కాక పోయిండు బిడ్డా" అన్నది. నిజామాబాద్‌లో బస్సెక్కి అక్కడ దిగేదాకా ఆయన ముఖం కన్నా ఆయన విసుగే నాకు ఎక్కువ గుర్తొచ్చింది. మా గల్లీలో సగం ఇళ్లు ఆయన కట్టినవే. చుట్టం కాకపోయినా పిల్లలందరికీ కాకే. ఎవరింటికి పోయినా ముందు మెడ ఎత్తి కప్పు చూసి, తర్వాతే మనుషులను పలకరించేవాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో బాపు వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు కొన్నాడు. కాకను పిలిస్తే సతాయిస్తాడని, తనే కప్పు నడుమ నాలుగు ఇటుకలు పేర్చి, దాన్ని నిలబెట్టి నింపేశాడు. సరిగ్గా దాని కింది గదిలో మా అవ్వ తుంటి విరిగి మంచంలో ఉంది.

పనికి పోతున్న కాక వీధిలోంచి చూసి, సైకిల్ దిగి మేడెక్కాడు.

"ఖాళీ జెయ్యుండ్రి."

"నల్లా మళ్ల ఎల్లుండి దాంక రాదన్నా, నీళ్లు పారబోస్తమా?" అన్నది అమ్మ.

"అయితే అవ్వను బయట పండవెట్టుండ్రి."

అవ్వ కింది నుంచే, "నేను కదల. పడితే పడనీ" అని అరిచింది. మా ఇంట్లో మొండితనానికి కరువు లేదు.

కాక గొంతు తగ్గించాడు. "ఈ కప్పు నేనే పోసిన. సలాక తక్కువేసిన. గా దినం కాదనాల్సింది, అనలే. తప్పు నాది."

ఇనుము తక్కువ వేయమన్నది బాపే. ఆ మాట మాత్రం కాక బయటపెట్టలేదు. బాపు తల వంచుకుని బిందె తేవడానికి పోయాడు. ఇంకొకరి తప్పును అంత నెమ్మదిగా తన మీద వేసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కాక గల్లీ అంతా వినబడేట్టు కేకేశాడు. బీడీలు చేస్తున్న ఆడవాళ్లు ఒళ్లోని చాటలు దించి బిందెలతో వచ్చారు. ఒక్క చుక్క వృథా కాలేదు. అమ్మ మాత్రం పోయే ప్రతి బిందెనూ పుట్టింటి సొమ్ము పోతున్నట్టు చూసింది.

ఆదివారం కాక మళ్లీ వచ్చి, మేడ మీద, కింద ఇరుకు నడవకు అటూ ఇటూ ఉన్న గోడలకు సరిగ్గా పైన ఒక్కో ఇటుక దిమ్మె కట్టాడు. రెండింటి మీదా మందపాటి రాతి బండలు పరిచాడు. పళ్లెంలో నీళ్లు పోసి మట్టం చూశాడు. "బరువు గోడ మొయ్యాలె. కప్పు ఎండకు, వానకు" అన్నాడు. ట్యాంకు ఎప్పుడు ఎక్కిద్దామని బాపు తొందరపడితే, "వారం తడుపుండ్రి. బాలింతను పనికి తోలుతరా?" అని కసిరాడు. తడుపుతున్నామో లేదోనని రోజూ వచ్చి చూసి పోయేవాడు.

అవ్వ ఆ కప్పు కిందే ఇంకా నాలుగేళ్లు బతికింది, కాకను తిట్టుకుంటూ.

ఆ తర్వాత ఏటా వానాకాలం వెళ్లగానే కాక మేడెక్కి దిమ్మెలు చూసేవాడు. ఎవరూ పిలిచేవాళ్లు కాదు. పోయిన దసరాకు నేను ఇంట్లో ఉండగా వచ్చాడు. మోకాళ్లు సహకరించక మెట్లెక్కలేకపోయాడు. నడవలో నిలబడి, దిమ్మె కింది గోడకు అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అమ్మ చాయ్ పట్టుకుని పక్కనే నిలుచుంది. "మంచిగున్నది" అన్నాడు. చేయి మాత్రం తీయలేదు.