మా ఇంటిల్లిపాదికీ ఇంగ్లీషు జబ్బులు

ఆ రోజుల్లో మా ఉద్దానంలో జబ్బులు రెండే రకాలు: తెలుగు పేరున్నవి, ఇంగ్లీషు పేరున్నవి. పడిశం, అజీర్తి, నడుం నొప్పి లాంటి తెలుగు జబ్బులు ఇంట్లోనే పుట్టి, ఇంట్లోనే మిరియాల కషాయం తాగి, ఇంట్లోనే పోయేవి. ఇంగ్లీషు పేరున్నది వచ్చిందంటే మాత్రం మనిషిని విశాఖపట్నం బస్సెక్కించాల్సిందే. ఆ బస్సెక్కినవాళ్లలో కొందరు తిరిగొచ్చేవారు, కొందరిని తీసుకొచ్చేవారు. అందుకే మా ఊళ్లో పరామర్శకు వెళ్లినవాళ్లు "ఏటయ్యింది" అని అడిగేవారు కాదు, "పేరేటన్నారు" అని అడిగేవారు. తెలుగు పేరు వినిపిస్తే అరటిపండు చేతిలో పెట్టి, కొబ్బరి ధర గురించి మాట్లాడి వెళ్లిపోయేవారు. ఇంగ్లీషు పేరు వినిపిస్తే గుమ్మంలోనే కూలబడేవారు. ఇంత చిన్న సంగతి ఊరందరికీ తెలుసు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలియదు.

అప్పుడు నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా కొత్తగా చేరి, సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్తుండేవాణ్ణి. అక్కడి మాస్టారిని మేం ఫ్లూయెన్సీ మాస్టారు అనేవాళ్లం. (ఆయన ఫ్లూయెన్సీ అంతా మమ్మల్ని తిట్టేటప్పుడు తెలుగులో బయటపడేది.) అనారోగ్యం మీద ఆయన చెప్పిన పాఠం నాకు బాగా ఒంటబట్టింది. "తలనొప్పి, కడుపునొప్పి అని పల్లెటూరి మాటలు మాట్లాడకండ్రా. క్రానిక్ అనండి, అక్యూట్ అనండి. జబ్బు చెబితే ఎదుటివాడు లేచి నిలబడాలి" అనేవారు. అంతకుముందు నాకు ఒంట్లో ఏ రోగమూ లేదు. ఆ పాఠంతో ఇంగ్లీషు అంటుకుంది.

సరిగ్గా అదే సమయంలో మా అన్నకు టెక్కలి సంబంధం వచ్చింది. మా అన్న కొబ్బరి చెట్టు ఎక్కితే పక్క చెట్టు మీది కాకి కూడా జరిగి చోటిచ్చేది, అంత దృఢమైన మనిషి. అయినా ఏం లాభం, ఊరు ఉన్నది ఉద్దానంలో, కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ చోట. పిల్లనిచ్చేవాళ్లు మా ఊరి పేరు వినగానే పొలం ఎంతుందని అడగడం మానేసి కిడ్నీలు ఎలా ఉన్నాయని అడిగేవారు. అంతకుముందు వచ్చిన సంబంధాలు కొన్ని కంచిలి దాకా వచ్చి, అక్కడ టీ తాగి, అటునుంచి అటే వెళ్లిపోయాయి. ఇది కూడా తప్పిపోతే ఇక అన్నకు పెళ్లి మాట ఎత్తనని అమ్మ అప్పటికే దేవుడి పటం ముందు చెప్పేసింది. అందుకని నాన్న నన్ను పిలిచి, "ఆల్లు సదువుకున్నోల్లురా. నువ్వు కూకుని రెండు ఇంగ్లీసు ముక్కలు మాటాడు. మనమూ తక్కువోల్లం కాదని తెలాల" అన్నాడు. ఆ రోజు కోసమే కదా నేను ఫీజు కట్టింది.

ఇల్లు చూడడానికి వాళ్లు నలుగురు వచ్చారు: పిల్ల తల్లిదండ్రులు, మేనమామ, ఇల్లు నేనూ చూస్తానని పట్టుబట్టి వచ్చిన పిల్ల. పళ్లతోపాటు వాళ్ల మంచినీళ్ల బాటిళ్లు కూడా తెచ్చుకున్నారు. (కిడ్నీలు పోయేది మా నీళ్లవల్లేనని అందరి అనుమానం. అప్పట్లో మా ఊరికి వచ్చే వియ్యాలవారు తాంబూలం మరిచిపోయినా బాటిల్ మరిచిపోయేవారు కాదు.) అమ్మ ఇచ్చిన నీళ్లగ్లాసులు బల్ల మీద అలాగే ఉండిపోయాయి. మేనమామ సున్నుండ చేతిలోకి తీసుకుని, "అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు గదా బాబూ" అన్నాడు, ఏదో మాట కలపడానికన్నట్టు.

నేను గొంతు సవరించుకున్నాను. ముందురోజు కొబ్బరి బస్తా ఎత్తి నాన్న నడుం పట్టేసింది. "ఫాదర్‌కి క్రానిక్ లంబార్ పెయిన్ అండీ" అన్నాను. మేనమామ సున్నుండ పళ్లెంలో పెట్టేశాడు. ఎదుటివాడు లేచి నిలబడాలన్న మాస్టారి మాట గుర్తొచ్చి నాకు హుషారు పెరిగింది. చుట్టాలొస్తున్నారన్న కంగారులో అమ్మకు పొద్దున్నుంచీ దడగా ఉంది. "మదర్‌కి పాల్పిటేషన్" అన్నాను. పిల్ల తండ్రి కుర్చీ కాస్త గుమ్మం వైపు జరిగింది. అన్నయ్యకు పడిశం. "బ్రదర్‌కి అలర్జిక్ రైనైటిస్. సీజనల్ లెండి, వస్తూ పోతూ ఉంటుంది" అని ధైర్యం చెప్పాను.

మేనమామ నిజంగానే లేచి నిలబడ్డాడు.

అంతటితో ఆగితే బాగుండేది. నాన్న ముఖం పాలిపోయింది. ఒక చేత్తో నడుం తడుముకుంటూ, "ఎప్పుడు సెప్పినార్రా నాకీ జబ్బని" అన్నాడు, వాళ్లందరి ముందే. అమ్మ తలుపు చాటునుంచి వచ్చేసి, "నాకు తెలీకుండా మీ నాయన్ని ఎవలికి సూపించినావురా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన పేరూ జాబితాలో ఉందని ఇంకా ఆమెకు తట్టినట్టు లేదు. మూలన మంచం మీద కూర్చున్న మా నానమ్మకు మాత్రం వేరే బాధ. "అందరికీ సెప్పినావు గదరా, ముసిల్దాన్ని నాకేటీ నేదా?" అంది. మధ్యాహ్నం అన్నం తింటే దీపాలవేళ దాకా నిద్ర లేవని మనిషికి ఏ జబ్బు అంటగట్టాలో మాస్టారు చెప్పలేదు.

పిల్ల తల్లి బాటిళ్లు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. అన్న నావైపు చూసిన చూపుకు ఇంగ్లీషు పేరు ఉండే ఉంటుంది, ఇప్పటికీ వెతకలేదు. అప్పుడు పిల్ల, నావైపు చూడనైనా చూడకుండా, నేరుగా అన్ననే అడిగింది.

"క్రియాటినిన్ ఎంత?"

కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అది, ఒకటి లోపుంటే భయం లేదు. మా వైపు ఆ మాట అనడానికి ఏ క్లాసుకూ వెళ్లక్కర్లేదు. మేకలు కాసుకునేవాళ్లు కూడా తప్పులేకుండా పలుకుతారు. అన్న ముక్కు తుడుచుకుని, "పాయింట్ తొమ్మిది. మొన్న కేంపులో సూసినారు" అన్నాడు.

"మీ నాన్నగారిది?"

"ఆయనదీ బాగానే ఉంది. నడుం బస్తా ఎత్తి పట్టీసింది. అమ్మకి కంగారు. నాకు జలుబు. మా తమ్ముడికి ఇంగ్లీసు."

ఆమె నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడం కనిపించింది. "నాది పాయింట్ ఎనిమిది. నన్నెవలూ అడగనేదు" అంది. తరవాత బల్ల మీద అందరూ వదిలేసిన గ్లాసుల్లోంచి ఒకటి తీసుకుంది. "అమ్మీ, బాటిలుంది గదే" అన్నాడు మేనమామ. "అది ఇంటికెల్లేదాక మావయ్యా. ఈ ఇంటికొచ్చీసినాక?" అని, గ్లాసెడు నీళ్లూ తాగి ఖాళీ గ్లాసు అమ్మ చేతికిచ్చింది. మేనమామ కాసేపు నిలబడి, కూర్చుని, వదిలేసిన సున్నుండ మళ్లీ తీసుకున్నాడు. అమ్మ ఏడుపు మాత్రం ఆగలేదు, కారణం మారిందంతే.

అలా వచ్చిన వదినే మొన్న నన్ను టెక్కలిలో డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. కొన్నాళ్లుగా నా కాళ్లకు కాస్త నీరు పడుతోంది. డాక్టరు నా మనవడి వయసులా కనిపించాడు. (నాకింకా యాభై రాలేదు. డాక్టర్లే ఈమధ్య చిన్నపిల్లలైపోతున్నారు.) "ఏంటండీ ప్రాబ్లం?" అన్నాడు. నాకు ఎన్ని మాటలు వచ్చో మీకు తెలుసు. అన్నీ నాలిక చివర వరస కట్టి నిలబడ్డాయి. "ఏం లేదు బాబూ, ఒంట్లో కాస్త నలతగా ఉంది, అంతే" అన్నాను.

రక్తం ఇచ్చి, క్రియాటినిన్ రిపోర్టు కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. "ఏటి మరిదీ, ఆ రోజు ఇంటిల్లిపాదికీ జబ్బులు పంచీసినావు. నీకు మాత్రం ఒక్క ఇంగ్లీసు ముక్క మిగుల్చుకోనేదేటి?" అంది వదిన. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి, సంచిలోంచి నీళ్లు తీసి ఇచ్చింది. లోపల ఎవరిదో పేరు పిలిచారు. నాది కాదు. నలత, నలత అని లోపల్లోపల అనుకున్నాను. తెలుగులో అంటున్నంతసేపూ అది ఇంట్లోనే తగ్గిపోయే జబ్బులా వినిపించింది.