ఆ చేతిలో తామరపువ్వు

మా ముందుగదిలో నా భార్య చిత్రపటం ఉంది. వచ్చినవాళ్లంతా దానికి అర్థాలు చెబుతారు. పక్కకు తిరిగిన ఆ చూపు దేవుడి మీదిదట, ఎత్తిన చేతిలోని తామరపువ్వు భక్తికి గుర్తట. ఒక డ్రాయింగ్ మాస్టారైతే, పోతానని ఆమెకు ముందే తెలిసినట్టుందంటూ కళ్లు తుడుచుకున్నాడు. నేను తలూపి టీ ఇస్తాను. ఒక్కోసారి పటం దించి పక్కన పడేయాలనిపిస్తుంది.

ఎనభైల్లో మాట. తొమ్మిదేళ్ల కాపురంలో ఇద్దరం కలిసి దిగిన ఫొటో ఒక్కటే. భద్రాచలంలో దర్శనమయ్యాక, బస్సుకు ఇంకా టైముందని ఆమే నన్ను స్టూడియోకు లాక్కెళ్లింది. ఫొటోగ్రాఫర్ సిద్ధమయ్యేసరికి నా వైపు తిరిగి మెడ మీద చెయ్యి వేసింది.

"కాలర్ మడతపడ్డది. జర ఇటు తిరుగుండ్రి."

"ముందట చూడు. నలుగురు చూస్తే నవ్వుతరు," అన్నాను, కెమెరా మీంచి చూపు తిప్పకుండా.

అంతలో లైటు వెలిగింది. ఫొటో పాడుచేశావని బస్సులో పాల్వంచ దాటేదాకా సణుగుతూనే ఉన్నాను.

రెండేళ్లకు ఆమె మలేరియా మెదడుకెక్కి పోయింది. దినాలనాటికి పటం కావాలి. ఇంట్లో ఉన్నది ఆ ఫొటో ఒక్కటే. బతికున్నవాడి బొమ్మకు దండ పడకూడదని మా అమ్మ పట్టుబట్టింది. ఖమ్మంలో ఫొటో చూసి రంగుల్లో బొమ్మ వేసే ముసలాయన దగ్గరికి పోయి, నన్ను తీసేయమన్నాను. ఆయన కత్తెరతో ఫొటోను రెండు ముక్కలు చేసి, మణికట్టు దగ్గర ఆగిపోయిన చెయ్యిని చూపించాడు.

"వేళ్లు మీ దిక్కు పోయినయి సాబ్. ఈ చేతిల ఏం పెట్టాలె?"

"ఏదో ఒకటి పెట్టుండ్రి," అన్నాను. ఆయన కొత్తగా వేళ్లు గీసి, తామరపువ్వు పెట్టాడు.

ఆమె నన్ను ఎన్నిసార్లు ఇటు తిరగమందో లెక్కలేదు. నేను తిరిగిన గుర్తు ఒక్కటీ లేదు. ఇప్పుడు రోజంతా ఆ పటంవైపే చూస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నా ముక్క బీరువాలో ఉంది. అందులో నేను బిగుసుకుపోయి కెమెరాకేసి చూస్తున్నాను. కాలర్ నిజంగానే మడతపడింది. దాన్ని సరిచేయబోతూ ఆమె వేళ్లు నాలుగూ అక్కడే ఉన్నాయి.