అసలు ముల్కీ

సౌదీలోని రాబిగ్‌లో నా గదిలో ఉండే కడప భాయిని అందరూ హైదరాబాదీ అనేవారు. ఇద్దరం ఒకే చిన్న కంపెనీలో ఏసీ మెకానిక్కులం. నాది జగిత్యాల దగ్గర పల్లె. ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను 'యా హిందీ', అంటే ఓ ఇండియావాడా, అనేవాడు. అతణ్ణి మాత్రం 'హైదరాబాదీ' అని నోరారా పిలిచి కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మండదా మరి? మా తాత ముల్కీ. నిజాం రాజ్యపు సొంత మనిషి అని తహసీల్దారు ముద్ర వేసి ఇచ్చిన కాగితం ఆయన ట్రంకుపెట్టెలో ఉండేది. బయటివాళ్ళను గైర్ ముల్కీలని మూతి తిప్పేవాడు. రాజ్యం పోయి ఎన్నేళ్ళయినా ఆ మాట మా ఇంట్లో పోలేదు. కడపనైతే నిజాం ఏనాడో ఇంగ్లీషువాళ్ళకు ధారపోశాడు. అంటే లెక్కప్రకారం హైదరాబాదీ అన్న పేరు నాది. నాకు ఉర్దూ నత్తినత్తిగా వచ్చేది, అతనికి గడగడా వచ్చేది, అంతే తేడా. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకరోజు అడిగేశాను.

"నీది కడప గద భాయ్, హైదరాబాదీ అంటె ఎట్ల పలుకుతున్నవ్?"

అతను నవ్వాడు. "ఈడోళ్లకి కడప యాడుండాదో ఏం తెలుస్తాదన్నా? అంటే అననీలే."

ఆ నవ్వుకి ఇంకా మండింది.

అప్పుడే నితాఖత్ అని, సొంత దేశస్థులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే సర్కారు రూలు వచ్చిపడింది. సౌదీవాళ్ళు చాలినంతమంది లేరని మా కంపెనీని ఎరుపు రంగులో పెట్టారు. పైగా పరాయి దేశపువాళ్ళకు తలకింత అని లెవీ. మీ ఇద్దరిలో ఒకరికి ఎగ్జిట్, అంటే ఇంటిదారి, తప్పదన్నాడు ముదీర్. ఉండేదెవరో నాకు తెలిసిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే ఆఫీసుకు పోయి, వచ్చీరాని అరబ్బీలో కక్కేశాను. అతను హైదరాబాదీ కాడు, ఇన్నేళ్ళూ మీకు అబద్ధం చెప్పాడు, అసలు హైదరాబాదీని నేను.

ముదీర్ నన్ను ఎగాదిగా చూశాడు. నిన్న కడప భాయి కూడా వచ్చాడట. "ఆ హిందీ కూడా మా హైదరాబాద్ మనిషే, మంచి పనివాడు, ఎట్లాగైనా ఉంచుకోండి" అని బతిమాలాడట.

చెప్తూనే ముదీర్ ఎగ్జిట్ కాగితం ముందుకు లాక్కున్నాడు. అబద్ధాలాడేవాడు నాకొద్దు అని అతని పేరు రాసేశాడు. ఆగండి అనడానికి నాకు అరబ్బీ మాట తెలుసు. అనలేదు.

ఎగ్జిట్ చేతికొచ్చిన రోజు అతను నన్ను కావలించుకున్నాడు.

"పోనీలే అన్నా, నువ్వన్నా ఉండావ్. ముదీర్ నా మాట ఇన్నాడు."

"విన్నడు భాయ్" అన్నాను.