కొబ్బరిపీచు డ్రమ్ము

అల్లవరం రేవులో పడవలు బాగుచేసే అబ్బులుకి చేతులు ఊరుకోవు. పలకల సందుల్లో తడిపీచు కూరి, గుగ్గిలం కాచి పూసి, చుక్క నీరు దిగకుండా చెయ్యడం తాతలనాటి విద్య. ఆ విద్యతోనే గ్యాసునీ పట్టి ఉంచుతానని బయల్దేరాడు ఎనభైనాలుగులో, వాళ్ళక్క సువార్తమ్మ కోసం.

సువార్తమ్మ పెరట్లో గోబర్ గ్యాసు గుంట ఉంది. పేడనీళ్ళ మీద బోర్లించిన ఇనప డ్రమ్ములో గ్యాసు చేరి, గొట్టం గుండా వంటింట్లోకి వస్తుంది. ఉప్పుగాలికి ఆ డ్రమ్ము కాస్తా జల్లెడైపోయింది. ఆవిడ మళ్ళీ కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. అసలే ఆయాసం మనిషి. వానలు పడితే కట్టెలు తడుస్తాయి, పొగ రెట్టింపవుతుంది. ఆలోగానే డ్రమ్ము లేవాలని అబ్బులు పట్టుదల.

"మళ్ళీ ఇనప్పదే వేస్తే మళ్ళీ తుప్పే కదక్కా. తుప్పెరగనిది నేను చేస్తాను."

"నువ్వా?"

"ఆయ్. కాకినాడలో ఫైబరు పడవలు చేసే చోట కూలికెళ్ళేను కదా. గాజుపీచు పరిచి రెజినని జిగురు పూస్తారు. గట్టిపడితే రాయే అనుకో. గాజుపీచు మనకి లేకపోతే లేదు, కొబ్బరిపీచుకేం కరువు?"

కాకినాడ నుంచి రెజిన్ డబ్బాలు మోసుకొచ్చాడు. తన వాకిట్లో ఇసుక కుప్ప పోసి, పైన మట్టి మెత్తి, డ్రమ్ము ఆకారం తెచ్చి, అంటుకోకుండా కొబ్బరినూనె రాశాడు. తిండి ధ్యాస లేదు. పీచు పరవడం, జిగురు పూయడం, మళ్ళీ పీచు పరవడం. దారినపోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు.

మర్నాడు వేలు పెడితే వేలు దిగింది. తెల్లగా, మెత్తగా, బంకబంకగా ఉంది.

పక్కింటి అమ్మిరాజు గోడ మీంచి తొంగి చూశాడు. "ఏవండీ అబ్బులు గారూ, డ్రమ్ము చేసేరా, పెరుగు తోడెట్టేరా?"

"తోడుకున్నా బాగుణ్ణండీ. అదీ అవ్వలేదు."

నవ్వేడే గాని ప్రాణం ఉసూరుమంది. మిగిలింది ఒక్క డబ్బా. సముద్రం వైపు మబ్బు కడుతోంది. తడుముతూ, వేలితో కొట్టి చూస్తూ చుట్టూ తిరిగాడు. అంచు దగ్గర బెత్తెడు మేర ఠంగుమంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఠంగుమంది.

భార్య విజయకుమారిని కేకేశాడు. "ఇక్కడేసిన పీచు ఎక్కడిదే?"

"నా అంట్లపీచండి. పీచు చాల్లేదని అటకమీంచి మీరే లాక్కెళ్ళేరు. గిన్నెలు దేంతో తోముకోమన్నారో చెప్పేరు కాదు."

అబ్బులు నెత్తి కొట్టుకున్నాడు. అటక మీదది ఎండుపీచు. మిగతాదంతా అలవాటుకొద్దీ నీళ్ళు చల్లి మెత్తబరిచిన పీచు. పడవకి తడిపీచు కావాలి, ఉబ్బి సందు పూడుస్తుంది. రెజిన్‌కి తడంటేనే పడదు. ముప్పై ఏళ్ళ చేతి అలవాటే కొంప ముంచింది.

ఇక చూడాలి హడావిడి. పీచు బావినీళ్ళలో జాడించి చెమ్మ పీల్చే ఉప్పు పోగొట్టి, పెంకుల మీద పరిచాడు. చేత్తో నలిపితే గలగలమనేదాకా ఎండనిచ్చాడు. ఉన్న ఒక్క డబ్బాకి సరిపడేట్టు డ్రమ్ము కాస్త చిన్నది చేశాడు. ఈసారి ఎక్కడ కొట్టినా ఠంగే. అమ్మిరాజే వచ్చి ఒక చెయ్యి వేశాడు. "ఇంత తేలికేంటండీ బాబూ," అంటూ సువార్తమ్మ పెరట్లో గుంట మీదకి మోశాడు. అబ్బులు సబ్బునురుగు రాసి, బుడగ లేచిన ఒకచోట అతుకు వేశాడు.

డ్రమ్ము కొంచెం కొంచెంగా పైకి తేలింది. మొదటి వాన పెంకుల మీద పడుతుండగా సువార్తమ్మ అగ్గిపుల్ల గీసింది. నీలం మంట గుప్పుమని లేచింది. ఆవిడ రెప్పవెయ్యకుండా చూసి, మంట కాస్త తగ్గినట్టనిపించగానే, ఇన్నాళ్ళ అలవాటున ఊదుగొట్టం అందుకుని ఉఫ్‌మని ఊదింది. మంట ఆరిపోయింది.

"అయ్యో, ఆర్పేసేన్రా తమ్ముడూ."

అబ్బులు గబుక్కున గ్యాసు కుళాయి కట్టేసి, చేతిలోంచి ఊదుగొట్టం లాక్కుని చూరులో దోపేశాడు. "మళ్ళీ వెలిగించక్కా. బోలెడుంది."