నీలం పూసల దండ

వికారాబాద్‌లో పొద్దున ఏడున్నర బండి ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా నాంపల్లిలో దిగవచ్చు. బడిలో లెక్కలు చెప్పే నేను నెలకో ఆదివారం ఆ బండి ఎక్కేది పాత నగల కోసం. తెగిన గొలుసులు, జత తప్పిన కమ్మలు కొనుక్కొచ్చి, విప్పి, వాటితో కొత్తవి చేస్తాను. ఆ రోజు చెవులకు నేను చేసిన నీలం పూసల జుంకాలే పెట్టుకున్నాను, ఆ పూసలు అమ్మిన యాదగిరికి చూపిద్దామని.

స్టేషన్ బయట చాయ్ తాగి అబిడ్స్‌కు నడిచాను. పావుగంట పట్టింది. ఫుట్‌పాత్ మీద పుస్తకాల వరుస చివర యాదగిరి దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. అరవై దాటిన ఒకావిడ వంగి అతని డబ్బాలన్నీ వెతుకుతోంది.

నన్ను చూడగానే యాదగిరి ఆవిడతో అన్నాడు: "నీలం దండ గీ మేడమే తీస్కపోయిందమ్మా."

ఆవిడ నా వైపు తిరిగింది. "మా అక్కది బిడ్డా. పోయేదాంక మెడలకెల్లి తియ్యలే. పిల్లలు తెల్వక పాత సామాన్ల ఏసిన్రు. నీ దగ్గరున్నదా?"

ఆ దండ తెగిందీ కాదు, పాడైందీ కాదు. పూసలు నచ్చి నేనే కత్తెర పెట్టాను. చెవుల మీదికి కొంగు లాక్కున్నాను.

"ఎవరికో ఇచ్చేసినమ్మా."

"ఔనా," అంది, అంతే.

ఏమీ కొనకుండా నాంపల్లికి వచ్చి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాను. బడిలో పిల్లలు అబద్ధమాడితే నిలబెట్టేదాన్ని నేను. పదకొండున్నరకు ఉండబట్టలేక ఆటోలో వెనక్కి వెళ్లాను. ఆవిడ లేదు.

"మూడు ఆదివారాల సంది తిరుగుతున్నది. ఇగ రానన్నది," అన్నాడు యాదగిరి.

"ఏడుంటది?"

"ఏమో, అడగలే." కాసేపు డబ్బాలు సర్దాడు. "నువ్వు కొంగు కప్పకముందే చూసింది గా పెద్దమ్మ. 'పోనీ తియ్, గామెకు మంచిగనే ఉన్నయ్' అన్నది."

మధ్యాహ్నం దాకా పోస్టాఫీసు వరకూ ప్రతి ముఖం చూస్తూ తిరిగాను. కనపడలేదు. అన్నం తినాలనిపించలేదు.

సాయంత్రం బండిలో లింగంపల్లి దాటాక పక్కనున్న అమ్మాయి నా చెవుల వైపు చూసి, "మంచిగున్నయక్కా, మీరే చేసిన్రా?" అంది. మామూలుగా అయితే ఫోన్ తీసి మిగతావన్నీ చూపించేదాన్ని.

"నావి కావు చెల్లె," అన్నాను. "ఒకామెవి. అడిగింది. ఇయ్యలే."